రెంబ్రాంట్ కాలం నాటి డచ్ పల్లె ఇల్లు, గడ్డివామి: చూసి గీయడం ఎలా

డచ్ పాత బొమ్మలు అనగానే అందరికీ గాలిమరలు గుర్తొస్తాయి. నాకైతే నాలుగు గుంజల మీద టోపీ పెట్టినట్టుండే గడ్డివామి గుర్తొస్తుంది. నేనుండేది ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో, వీలైన ఆదివారమల్లా సైకిలేసుకుని ఆమ్‌స్టెల్ నది గట్టు మీదుగా ఔడర్‌కెర్క్ అనే ఊరి దాకా వెళ్లొస్తుంటాను. 1640లలో, 1650ల మొదట్లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మలు గీసుకుంటూ నడిచింది ఈ గట్టు మీదే. అక్కడక్కడా ఆ టోపీ గడ్డివాములు ఇప్పటికీ కనిపిస్తాయి, కాకపోతే చాలావాటికి పైన రేకు.

ఆ బొమ్మల్లో ఒకదాన్ని మీరే చూసి గీయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. నాకు బొమ్మలు రావు అనేవాళ్లు కూడా చదవండి, నాకూ రావు. మూడేళ్లుగా గీస్తూ నేర్చుకున్నది ఒకటే. ఆ పాకలో ఏది దేనికి ఉందో తెలిస్తే గీత దానంతటదే కుదురుతుంది, తెలియకపోతే ఎంత మంచి పెన్ను కొన్నా అది పాకలా కాదు, ఎండిన పుట్టగొడుగులా వస్తుంది.

ముందు బొమ్మ ఎంచుకోండి

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వాళ్ల సైట్‌లో పాత బొమ్మల్ని పెద్ద సైజులో ఉచితంగా దించుకోవచ్చు. మొదటిసారికి రెంబ్రాంట్ 1641లో చేసిన ఎచింగ్ (రాగిరేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని ఆమ్లంతో తినిపించి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ) ఒకటి తీసుకోండి, పూరిల్లూ గడ్డివామీ పక్కపక్కనే ఉండే అడ్డం బొమ్మ. దాని అసలు కొలత దాదాపు 13 సెంటీమీటర్లు ఎత్తు, 32 వెడల్పు. అదే కొలతలో ప్రింట్ తీయించుకోండి. ఫోన్‌లో వేళ్లతో లాగి పెద్దది చేసి చూస్తే ప్రతి గీతా ముఖ్యమే అనిపిస్తుంది. అసలు సైజులో చూస్తే వాటిలో సగం గీతలు ఒట్టి నీడ అని తెలుస్తుంది.

అది మరీ కిక్కిరిసినట్టు అనిపిస్తే రెంబ్రాంట్ కలంతో గీసిన చిన్న స్కెచ్ ఏదైనా తీసుకోండి, వాటిలో చాలావాటికి మన నోటుపుస్తకంలో ఒక పేజీ కూడా అక్కర్లేదు. పాడుబడ్డ కొట్టాలు, కూలబోతున్న పావురాల గూళ్లు, విరిగిన తలుపులు ఇష్టమైతే యూట్రెక్ట్ చిత్రకారుడు అబ్రహాం బ్లూమార్ట్ (1566–1651) దగ్గరికి వెళ్లండి, శిథిలాల్లో ఆయన్ను మించినవాడు లేడు. ఇంకా వెనక్కి వెళ్లాలంటే ఆంట్‌వెర్ప్‌లో హియెరోనిమస్ కాక్ అనే ప్రచురణకర్త 1559లో, 1561లో రెండు విడతలుగా అచ్చేసిన 44 చిన్న పల్లె దృశ్యాలున్నాయి. దేవుళ్లూ వీరులూ లేకుండా ఊళ్లో వీధినీ కొట్టాన్నీ మాత్రమే బొమ్మగా అమ్మొచ్చని చూపించినవాటిలో అవి ముందు వరసలో ఉంటాయి. వాటిని గీసిందెవరో ఇప్పటికీ తేలలేదు. 1612లో ఆమ్‌స్టర్‌డామ్‌లో విస్షర్ అనే ప్రచురణకర్త వాటిలో కొన్నింటిని మళ్లీ చెక్కి అమ్మాడు. గిరాకీ అలా ఉండేది.

పెన్ను ముట్టుకోకుండా పది నిమిషాలు

బొమ్మ ముందు పెట్టుకుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆవులు ఎటునుంచి లోపలికి వెళ్తాయి? పొయ్యి ఎక్కడుంది? గడ్డి ఎక్కడ పెట్టారు? నీళ్లు ఎటున్నాయి?

ఇది చాదస్తం అనుకోకండి. హాలండ్ పాడి దేశం, అక్కడ ఇల్లు కట్టేది ముందు ఆవు కోసం, తర్వాత మనిషి కోసం. చాలా ప్రాంతాల్లో ఒకే పొడవాటి కప్పు కింద ఒక చివర మనుషులు, మిగతాదంతా పశువులు. కాబట్టి పొగగొట్టం ఉన్న వైపు మనుషులు. పెద్ద తలుపులు గానీ, కిటికీలు లేని పొడుగు గోడ గానీ ఉన్న వైపు పశువులు. ఈ ఒక్క విభజన పట్టుకుంటే బొమ్మలో గందరగోళం సగం పోతుంది.

కిటికీల్నీ కాస్త చూడండి. కొన్ని ఇళ్లలో ఒక కిటికీ మిగతావాటికంటే ఎత్తులో ఉంటుంది. గీసేటప్పుడు అది తప్పేమో అనుకుని నేను రెండుసార్లు కిందికి దించి వరసలో పెట్టాను. తీరా తెలిసిందేమిటంటే, దాని కింద సగం నేలలోకి దిగిన చల్లటి గది ఉంటుంది, పాలూ వెన్నా పెట్టుకోవడానికి. ఆ గది పైకప్పు నేలకంటే ఎత్తుగా ఉంటుంది గనుక దాని మీద వేసిన గదీ నాలుగు మెట్ల ఎత్తుకు వెళ్తుంది, దాంతోపాటు కిటికీ. ఆ పై గదిని ఒప్‌కామర్ అంటారు. ఎత్తు కిటికీ కనిపిస్తే కింద పాలగది ఉండి ఉంటుందని అనుకోవచ్చు. దాన్ని సరిచేయకండి.

గడ్డివామితో మొదలుపెట్టండి, ఇంటితో కాదు

అందరూ ఇల్లు ముందు గీసి వామిని పక్కన ఇరికిస్తారు. తిరగేయండి. వామి చిన్నది, దాని కట్టుబడి బయటికే కనిపిస్తుంది, అది కుదిరితే ఇంటికి కొలత దొరుకుతుంది.

డచ్ వాళ్లు దీన్ని హోయ్‌బెర్గ్ అంటారు, అంటే గడ్డికొండ. మన వామికీ దీనికీ తేడా పైకప్పులో ఉంది. మనం వరిగడ్డిని వాన జారిపోయేలా నేర్పుగా పేర్చి, పైన కొప్పు కట్టి వదిలేస్తాం, గడ్డే గడ్డికి కప్పు. వాళ్లు నేలలో నాలుగో ఐదో పొడవాటి గుంజలు పాతి (ఒక్క గుంజ వామి కూడా ఉంది), వాటి మధ్య గడ్డి పేర్చి, పైన రెల్లు కప్పును గుంజల వెంట పైకీ కిందికీ జరిగేలా పెడతారు. గుంజల్లో మెట్టు మెట్టుగా కన్నాలుంటాయి. కప్పుని ఎత్తి, కన్నంలో మేకు గుచ్చితే అక్కడ ఆగుతుంది. గడ్డి పెరిగేకొద్దీ కప్పు పైకి, పశువులు తిని తగ్గేకొద్దీ కప్పు కిందికి.

గీసేవాడికి ఇక్కడే అసలు సంగతి. కప్పు పైకి ఉంటే గుంజల కొసలు దాని మీద కొంచెమే పొడుచుకొస్తాయి. కప్పు దిగితే గుంజలు ఆకాశంలోకి బారెడు లేచి నిలబడతాయి. అంటే ఆ కొసల పొడవు చూసి గడ్డి ఎంత మిగిలిందో, ఇంచుమించుగా ఏ కాలమో ఊహించొచ్చు. వేసవిలో గడ్డి కోసి నింపాక కొసలు పొట్టిగా, చలికాలమంతా ఆవులు తినేశాక పొడవుగా. రైతు బద్ధకించి కప్పు దించకపోతే లెక్క తప్పుతుంది, కప్పుకీ గడ్డికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. అదీ బొమ్మలో ఉంటే అలాగే గీయండి, ఆ ఖాళీలో నీడ భలే ఉంటుంది.

గీసే వరస ఇది. ముందు నేల మీద గుంజల పాదాలు నాలుగు చుక్కలుగా పెట్టండి, పక్కకి అణిచిన డైమండ్ ఆకారంలో. ఆ చుక్కల నుంచి నిట్టనిలువుగా నాలుగు సన్నటి గీతలు లేపండి, కప్పు గురించి ఇంకా ఆలోచించొద్దు. తర్వాత కప్పు అంచు ఎక్కడుందో ఆ గీతల మీద గుర్తులు పెట్టి కలపండి. అంచు గుంజల కంటే కాస్త బయటికి రావాలి. గుంజ కప్పు మూలకు కొంచెం లోపలినుంచి దూసుకొచ్చినట్టుండాలి, మూల అంచుకు అంటించినట్టు కాదు. ఈ ఒక్క తప్పు వల్లే నా మొదటి పది వాములూ గాలికి తిరగబడబోతున్న గొడుగుల్లా వచ్చాయి. ఆఖర్న కప్పు కొస, దాని కింద గడ్డి. గడ్డికి అంచు గీయకండి. కప్పు కింద ముదురు నీడ పెట్టి, అక్కడక్కడ బయటికి వేలాడే పోచలు నాలుగు వేస్తే చాలు.

వామి ఇంటికి కొంచెం ఎడంగా ఎందుకుంటుందని అడగొచ్చు. సరిగ్గా ఆరని గడ్డిని కుక్కి పేరిస్తే లోపల సూక్ష్మజీవుల వల్ల వేడి పుట్టి, కొన్ని వారాలకు దానంతటదే అంటుకోగలదు. వామిలో ఇనుప కడ్డీ గుచ్చి, కాసేపాగి తీసి, చేత్తో వేడి చూసుకోవడం అక్కడి రైతులకు అలవాటుగా ఉండేది. అందుకని మీ కాగితం మీద చోటు సరిపోలేదని వామిని ఇంటికి ఆనించేయకండి. ఇంకో మాట, ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన స్టోల్ప్ అనే రకం ఇళ్లున్నాయి, పిరమిడ్‌లాంటి పెద్ద కప్పు, దాని నడిబొడ్డునే గడ్డి నిల్వ. అలాంటి ఇల్లు గీస్తుంటే పక్కన టోపీ వామి కనిపించలేదని కంగారు పడొద్దు, గడ్డి లోపలే ఉంది.

ఇల్లు: కప్పు ముందు, గోడ చివర

మనకు గోడలు కట్టి పైన కప్పు వేయడం అలవాటు, బొమ్మలోనూ అదే చేస్తాం. ఈ ఇళ్లకి అది పనికిరాదు. తూర్పు, మధ్య నెదర్లాండ్స్‌లో కనిపించే హాలెహౌస్ అనే రకంలో లోపల రెండు వరసల స్తంభాలుంటాయి, ఎదురెదురు స్తంభాల జతను ఒక దూలం కలుపుతుంది, ఇంగ్లీషు హెచ్ అక్షరంలా. బరువంతా వాటిదే. వాటికి రెండు పక్కలా కప్పు కిందికి జారుతూ పోయి పొట్టి గోడల మీద ఆగుతుంది. ఆ పక్క వసారాల్లోనే ఆవులు నిలబడేది, తలలు మధ్య నడవ వైపు పెట్టి. బయటి గోడ పెద్దగా మోసేదేమీ లేదు కాబట్టి అది పొట్టిగా ఉంటుంది, చెక్కపలకలైనా, తడికకి మట్టి మెత్తిందైనా సరిపోతుంది.

అందుకే దూరం నుంచి చూస్తే ఇల్లంతా కప్పే. చూరు మన నడుము దాకా దిగినట్టుంటుంది. మీ బొమ్మలో గోడ కంటే కప్పు రెండు మూడింతలు ఎక్కువ ఎత్తు వస్తే భయపడకండి, దారిలోనే ఉన్నారు.

వరస: కొప్పు గీత ఒకటి, చూరు గీత ఒకటి, రెండు చివర్లా ఏటవాలు గీతలు. స్కేలు వద్దు. పాతబడ్డ రెల్లుకప్పు కొప్పు నడిమధ్య కాస్త కుంగుతుంది, ముసలి గేదె నడుములా. ఆ కుంగు ఎక్కడుందో అసలు బొమ్మలో వెతకండి. చాలాసార్లు అది రెండు స్తంభాల జతల మధ్య వస్తుంది, దన్ను లేనిచోట. అలా పెడితే కప్పుకి బరువొస్తుంది. ఇష్టమొచ్చినచోట కుంగదీస్తే తాగి గీసినట్టుంటుంది.

కప్పు మీద రెల్లు చూపించాలని నిలువు గీతలు బరబరా గీకేయకండి, అందరూ చేసే తప్పు ఇదే. రెల్లుకప్పు దూరానికి నున్నగానే ఉంటుంది, పోచలు కనిపించేది చూరు దగ్గర తెగిన అంచులో, పొగగొట్టం చుట్టూ, పాడైనచోట. అక్కడ మాత్రం పొట్టి గీతలు వేసి మిగతాదంతా ఖాళీగా వదలండి. రెంబ్రాంట్ కలం స్కెచ్‌లలో ఎంత కాగితం తెల్లగా వదిలేశాడో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన ఇంకు ఖర్చుపెట్టేది ఎక్కువగా చూరు కింద, తలుపు లోపల. ఆ రెండు నల్లటి మచ్చలే కళ్లకి ఇల్లు కట్టేస్తాయి.

చెట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంటి వెనక ఒక ముద్ద, ఇంటి పక్కన ఒక ముద్ద, గాలి ఎటు వీస్తోందో తెలిసేలా వాలు. ఆకులు గీయకండి.

నేలగీత (నేలా ఆకాశమూ కలిసేచోటు) మాత్రం బాగా కిందికి పెట్టాలి, కింది నుంచి కాగితం ఎత్తులో మూడో వంతు దగ్గర. అక్కడ గుట్టలు లేవు, ఉన్నదంతా ఆకాశమే. కంచెలకి బదులు చాలాచోట్ల కాలువలే హద్దు, కాబట్టి ఇంటి ముందు నీళ్లుంటాయి. వాటికి రెండు అడ్డగీతలు, ఇంటి నీడకి నాలుగు నిలువు గీతలు చాలు. ఇసక నేలలున్న వైపు బొమ్మలైతే బావి పక్కన నిలువు గుంజ మీద ఊగే పొడవాటి వాసం కనిపించొచ్చు. అదేమిటో తెలియక జుట్టు పీక్కోనక్కర్లేదు, అచ్చం మన ఏతం.

కలం, ఇంకు

పేజీ దాకా వచ్చాం, ఇక చేతిలో ఏముండాలి? రెంబ్రాంట్ బాతు ఈక కలం వాడాడు, రెల్లు కలమూ వాడాడు. 1650ల నుంచి రెల్లు కలం ఎక్కువైంది, గీతలు లావుగా, తెగువగా కనిపిస్తాయి. రెల్లు దొరక్కపోతే సన్నటి వెదురు. కలంకారీ పనివాళ్లు వాడే కలం కూడా వెదురుదే, దానికి ఇంకు పట్టి ఉంచడానికి గుడ్డ చుడతారు. మనకి గుడ్డ అక్కర్లేదు. జానెడు ముక్క తీసుకుని ఒక కొస ఏటవాలుగా కోయండి, లోపలి మెత్తటి గుజ్జు గీకేయండి, రెండు పక్కలా చెక్కి మూతి సన్నం చేయండి, మూతి మధ్య నుంచి వెనక్కి అంగుళంలో మూడో వంతు చీలిక పెట్టండి, చివర్న మూతిని గట్టి చెక్క మీద ఆనించి అడ్డంగా టక్కున నరకండి. చీలిక పెట్టేటప్పుడు బ్లేడు జారి చూపుడు వేలు తెగింది నాకు, బ్లేడు మీవైపు కాకుండా అవతలికి పోయేలా పట్టుకోండి. ఒక కలం పది బొమ్మలకు మొద్దుబారుతుంది, మళ్లీ చెక్కుకోవడమే.

ఇంకు విషయానికొస్తే, ఆ రోజుల్లో విరివిగా వాడింది ఓక్ చెట్టుకి పురుగు వల్ల వచ్చే కాయల్లాంటి బుడిపెల్ని నానబెట్టి, ఆ వగరు నీళ్లలో ఐరన్ సల్ఫేట్ కలిపి చేసిన ఇంకు. ఇంకోటి కట్టెల పొయ్యి మసితో చేసిన గోధుమరంగు బిస్టర్. ఓక్ బుడిపెలు మనకెక్కడివి అనుకోకండి, కావాల్సింది ఆ వగరే, అది మన కరక్కాయలో పుష్కలంగా ఉంది. ఐరన్ సల్ఫేట్ అంటే పచారీ కొట్లో అడిగే అన్నభేదే. బందరు కలంకారీలో గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి, ఇనుము ఊరిన ద్రావకంతో నల్లగీత తీసేదీ ఈ కిటుకుతోనే. రెంబ్రాంట్ బతికున్న రోజుల్లో డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు బందరులో ఆ అద్దకాల గుడ్డలు ఎక్కించుకుని వెళ్లేవి. ఒకే రసాయనం ఇటు గుడ్డ మీదా అటు కాగితం మీదా పనిచేసిందన్నమాట.

నేను చేసే లెక్క చెబుతాను. గింజ తీసిన కరక్కాయ పెచ్చులు ఓ గుప్పెడు దంచి, రెండు గ్లాసుల నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, సన్న సెగ మీద సగానికి మరిగించి, గుడ్డలో వడకట్టండి. చల్లారాక ఒక టీస్పూన్ అన్నభేది, అర టీస్పూన్ తుమ్మజిగురు పొడి కలపండి. వంటగిన్నె వాడొద్దు, పాతది ఒకటి దీనికే ఉంచుకోండి, పిల్లలకి అందకుండా పెట్టండి. అన్నభేది ఎక్కువ వేస్తే ఇంకా నల్లగా వస్తుందన్న ఆశ పుడుతుంది, ఆ ఆశే ప్రమాదం. ఇనుము ఎక్కువైన ఇంకు ఏళ్లు గడిచాక కాగితాన్ని తినేస్తుంది, పాత బొమ్మల్లో కొన్నింటికి గీత ఉన్నచోట చిల్లులు పడ్డది ఇందుకే. ఈ ఇంకు ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి. పుట్టినరోజుకి వచ్చిన మంచి పెన్ను ఒకటి అలాగే మడ్డి పట్టి పోయింది నాది.

ఒక అనుమానం రావచ్చు. పాత బొమ్మలు గోధుమరంగులో ఉన్నాయి కదా, మనది నల్లగా వస్తోందేమిటని. వాటిలో ఓక్ బుడిపెల ఇంకుతో గీసినవి మొదట్లో నలుపే, మూడు వందల యాభై ఏళ్లలో రంగు దిగి గోధుమ అయింది. ఇప్పుడే ఆ రంగు కావాలంటే కొట్లో దొరికే సెపియా ఇంకు కొనుక్కోండి, నేనేం అనుకోను.

కలం అంటేనే టెన్షన్‌గా ఉంటే నల్ల చాక్ పట్టుకోండి. యాన్ వాన్ హోయెన్ (1596–1656) ఊళ్లు తిరుగుతూ చిన్న పుస్తకంలో నల్ల చాక్‌తో గబగబా గీసుకుని, ఇంటికొచ్చాక వాటిని ఆధారం చేసుకుని పెద్దవి చేసేవాడు. చాక్‌లో గీత వణికినా అందంగానే కనిపిస్తుంది, పైన పల్చటి బూడిదరంగు నీళ్లు పూస్తే మబ్బు పట్టిన డచ్ మధ్యాహ్నం తయారు.

ఆ చోటు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకి

గీశాక అసలు ఆ ఇల్లు ఎక్కడుండేదో చూడాలన్న దురద పుడుతుంది. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రిట్స్ లుహ్ట్ అనే ఆయన రెంబ్రాంట్ బొమ్మలు పట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ చుట్టూ నడిచి, ఏది ఎక్కడ గీశాడో చాలావాటికి ఆచూకీ పట్టాడు. మీరూ వెళ్లొచ్చు, కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఎచింగ్ అయితే అది తిరగబడి ఉంటుంది. రాగిరేకు మీద చూసింది చూసినట్టు గీస్తే కాగితం మీద కుడి ఎడమవుతుంది. నేను ఒక పూటంతా నది తప్పు ఒడ్డున నిలబడి ఇల్లు ఎడమ పక్క ఉండాలే అని వెతికాను. ఫోన్‌లో బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పుకుని వెళ్లండి. కలం స్కెచ్‌లకి ఈ బాధ లేదు.

రెండోది, వాళ్లు చూసింది చూసినట్టు గీశారని నమ్మేయకండి. పైన చెప్పిన 1641 నాటి ఎచింగ్‌లోనే ఒక పక్క దూరంగా ఆమ్‌స్టర్‌డామ్ గోపురాలు, ఇంకో పక్క కోస్ట్‌వెర్లోరెన్ అనే పాత భవంతి ఉంటాయి. వేర్వేరు చోట్ల చూసినవి ఒక కాగితం మీదికి తెచ్చి కూర్చాడని పరిశోధకులు అంటారు. అప్పటి చిత్రకారులు ‘చూసి గీసినది’, ‘మనసులోంచి గీసినది’ అని రెండు మాటలు వాడేవాళ్లు, చాలా బొమ్మలు ఆ రెండిటి మధ్య ఎక్కడో ఉంటాయి. ఇల్లు నిజమే, వామి నిజమే, వాటి పొరుగు మాత్రం అరువు.

చివరగా ఒక జాగ్రత్త. కరక్కాయ ఇంకుతో గీస్తే గీత ముందు పల్చటి బూడిదరంగులో పడుతుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. రాత్రి గీసి, చూరు కింద నీడ చాల్లేదనిపించి మళ్లీ మళ్లీ పులమకండి. కాగితాన్ని బల్ల మీదే వదిలేసి పడుకోండి. పొద్దున కాఫీ తాగుతూ చూసి, అప్పటికీ చాలకపోతే చూరు కింద ఒక్క గీత కలపండి.